పుర్రచేతి ఊరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, మెడలో ఐడీ కార్డు, పోర్ట్ బ్లెయిర్‌లో ఓ చిన్న మ్యూజియంలో టెంపరరీ ఉద్యోగం. డాలీగంజ్‌లో మా ఇంటి నుంచి వల వదిలేసి కుర్చీ ఎక్కిన మొదటివాణ్ణి నేనే (కుర్చీకి ఒక కాలు పొట్టి, అది వేరే సంగతి). ఎప్పుడో దొరలు ఓడల్లో వచ్చి నికోబార్ వాళ్ళనీ, స్తంభాల మీద నిలిచిన వాళ్ళ గుండ్రటి ఇళ్ళనీ తీసిన ఫొటోల గాజుపలకలు మా బీరువాలో ఉండేవి. వాటిని స్కాన్ చేసి, గోడకి బిగించి, కింద నాలుగు ముక్కలు రాయాలి. ఎగ్జిబిషన్ సజావుగా జరిగితే పర్మనెంట్ చేయిస్తానని మా పెద్దసారు మాటిచ్చారు.

గాజుపలక ఒకవైపు మెరుస్తుంది, రెండోవైపు మసకగా ఉంటుంది. మెరిసేదే ముఖం అనుకోవడం ఆ వయసు జబ్బు. అలాగే స్కాన్ చేశాను. ఒక ఫొటోలో కత్తులు పట్టుకు నిలబడ్డ పదిమందీ ఎడమచేత్తోనే పట్టుకున్నారు! పొంగిపోయి హిందీలో రాశాను: "ఈ తెగవారందరూ ఎడమచేతివాటం గలవారు. పరిశోధకులు గమనించదగిన విశేషం." (పరిశోధకులంటే నేనే.) ఎగ్జిబిషన్‌కి ముందురోజు నాన్నని తీసుకెళ్ళి చూపిస్తే, లేబుల్ నాచేత చదివించుకుని బుర్ర గోక్కున్నాడు.

"ఊరు ఊరంతా పుర్రచెయ్యోళ్ళేటిరా? అలాగెక్కడైనా ఉంటాదా?"

"నీకు తెలీదు నాన్నా, ఇది సైన్సు."

"అచ్ఛా, ఠీక్ హై," అని బీడీ కోసం బయటికి నడిచాడు.

మర్నాడు ప్రారంభోత్సవానికి పిలిచిన నికోబారీ తాత ఒకాయన అరగంట ముందే వచ్చారు. ఆ లేబుల్ చదివి పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత ఫొటోలో గుట్టమీద వేలు పెట్టి, నవ్వు ఆపేశారు. "యే తో హమారా గావ్ హై బేటా. ఈ గుట్ట కుడిపక్కన ఉండాలి. మా ఊరినే తిరగేశావు నువ్వు," అన్నారు హిందీలో. సునామీలో ఆ ఊరు పోయిందట. "ఒక్కసారి సీదా చేసి చూపించు."

పలకని తప్పువైపు పెట్టి స్కాన్ చేశాననీ, అందుకే కుడి ఎడమైపోయిందనీ అప్పటికి వెలిగింది. ఫ్రేము గోడకి స్క్రూలతో బిగించి ఉంది. ప్రారంభోత్సవం చెయ్యాల్సిన ఆఫీసరుగారు వచ్చే వేళయింది. లేబుల్ పీకి జేబులో పెట్టుకుంటే ఉద్యోగం భద్రం. కానీ తాత నావైపే చూస్తున్నారు. పరిగెత్తుకెళ్ళి నా స్కూటర్ అద్దం విప్పుకొచ్చాను. అద్దంలో కత్తులన్నీ కుడిచేతుల్లోకి మారాయి, గుట్ట తన చోటికి వెళ్ళింది. తాత అద్దం చేతిలోకి తీసుకుని, ఇంటింటినీ వెతుక్కుంటూ మెల్లగా తిప్పారు.

"యే క్యా తమాషా హై?" పెద్దసారు, వెనకే ఆఫీసరుగారు. ఉన్నమాట చెప్పేశాను. ఆఫీసరుగారు వంగి అద్దంలోకి చూశారు. తాత ఒక్కో ఇల్లూ చూపిస్తూ వివరించారు. నేను "నాయకుని నివాసం" అని రాసింది వంటపాకట! హాలంతా నవ్వింది.

సాయంత్రం పెద్దసారు నన్ను ఆ తాత పక్కన కూర్చుని లేబుళ్ళన్నీ మళ్ళీ రాయమన్నారు. ఉద్యోగం ఇంకో ఏడాది టెంపరరీగానే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. రోజూ ఫీనిక్స్ బే రేవు దగ్గర ఓడ కోసం ఎదురుచూస్తున్న నికోబారీలని హారన్ కొట్టి పక్కకి తప్పించి మరీ పోయేవాడు, వాళ్ళ గురించి రాయడానికి ఆలస్యమవుతోందని.