ఊక బూడిద మీద కొత్తిమీర

మా పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన చాప వెడల్పున ఒక మడి ఉంది. కొత్తిమీర, పాలకూర, కాస్త ముల్లంగి అందులోనే వేస్తాను. బజారులో ఆకుకూర కొనడం నాకు మొదటి నుంచీ గిట్టదు. ఇంట్లో నీళ్ళున్నాయి, మట్టి ఉంది, వంగే నడుం ఇంకా ఉంది. నన్ను రెండో తరగతిలోనే బడి మానిపించారు. పేపరు కూడబలుక్కుని చదువుతాను. ఇది కూడా అలా కూడబలుక్కుంటూనే రాస్తున్నాను.

మా అబ్బాయి ధాన్యం ట్రాక్టరు మండపేట మిల్లుకు తోలుతాడు. అక్కడ ఊక కాల్చిన బూడిద గుట్టలుగా పడి ఉంటుంది. ఎవరు పట్టుకుపోయినా మిల్లువాళ్ళకు సంతోషమే. వచ్చేటప్పుడు రెండు బస్తాలు వేసుకు రమ్మన్నాను. మాది బంక మట్టి. ఎండితే పెంకుల్లా పగిలిపోతుంది. బూడిద కలిపితే గుల్లబారుతుంది, ధనియాలు తేలిగ్గా మొలుస్తాయి. కిందటి సంక్రాంతి ముందు కూడా అలాగే కలిపాను. ఈసారి మాత్రం కలపగా మిగిలింది పారబోయడం ఎందుకని మడి పైన కూడా వేలెడు మందాన పరిచాను. నల్లగా, మెత్తగా, పక్క వేసినట్టు ఉంది.

ఆ పక్క ఎవరికి నచ్చుతుందో నాకు తోచలేదు.

బియ్యం బస్తాల దగ్గర ఎలకలు పడుతుందని ఒక పిల్లిని పెంచుతున్నాం. దానికి పొద్దున్నా సాయంత్రం పెరుగన్నం పెడతాను. పగలంతా అరుగు మీద పడుకుని ఉంటుంది. అది ఎక్కడికి వెళ్తోంది, ఏం చేస్తోంది అని నేనెప్పుడూ వెంటబడి చూడలేదు.

కొత్తిమీర జానెడు ఎదిగే వేళకు మా మనవరాలు వచ్చింది. అబ్బాయి కూతురు. రాజమండ్రిలో కాపురం, అక్కడే ఆఫీసులో పని. కొత్తగా కడుపుతో ఉంది. వేవిళ్ళతో చిక్కి సగమైపోతే దాని మొగుడు కారులో తెచ్చి దింపి వెళ్ళాడు. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది. ఆవకాయ వాసన వస్తే లేచి పరుగెత్తేది. దాని కడుపులో నిలిచింది ఒక్కటే, పచ్చి కొత్తిమీర పచ్చడి.

ఇంకేం, రోజూ మడిలోంచి గుప్పెడు తుంచేదాన్ని. గిన్నెలో నీళ్ళు పోసి ఒకసారి జాడించి, ఆ నీళ్ళు మళ్ళీ మడికే పోసేదాన్ని. పచ్చిమిరపకాయ, చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరి పెట్టేదాన్ని. పొయ్యి మీద పెట్టడమనేది లేదు. వేయించిన వాసన దానికి పడదు, పైగా గ్యాసు దండగ. పెరుగన్నంలో నంజుకుని రెండు ముద్దలు తినేది. దాని బుగ్గలు మళ్ళీ నిండుతుంటే నా మడిని చూసి నేనే మురిసిపోయాను.

ఒకరోజు పొద్దున్నే కోడలు బట్టలు ఆరేస్తూ పిలిచింది.

"అత్తయ్యగారూ, ఒకసారి ఇలా రండి. మీ మడికి ఎరువు వేస్తున్నారు."

వెళ్ళి చూద్దును కదా, కొత్తిమీర నడుమ పిల్లి కూర్చుని ఉంది. తోక నిటారుగా పెట్టి, తనకేమీ పట్టనట్టు ఎటో చూస్తోంది. పని అయ్యాక వెనక్కి తిరిగి వాసన చూసింది, ముందు కాలితో బూడిద లాగి శుభ్రంగా కప్పెట్టింది, కాళ్ళు విదిలించుకుంటూ మా ముందు నుంచే వెళ్ళిపోయింది. బొరిగె తెచ్చి మడి గీకాను. అక్కడొకటి, ఇక్కడొకటి, పాతవీ కొత్తవీ. పైన ఒక్కటీ కనపడకుండా నా బూడిద అన్నిటినీ కప్పి ఉంచింది.

వెనక మనవరాలు నిలబడి చూస్తోంది.

"మామ్మా, రోజూ నేను తిన్నది ఇందులోదేనా?"

"మరెక్కడిది?"

"కడిగావా?"

"జాడించాను."

అది వాంతి చేసుకుంటుందనుకున్నాను. చేసుకోలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. తర్వాత అరుగు మీద కూర్చుని ఫోను తీసింది.

"మా ఆఫీసులో ఒకావిడ కడుపుతో ఉన్నప్పుడు, పిల్లి దొడ్డికెళ్ళే ఇసక ముట్టుకోవద్దని డాక్టరు చెప్పారట మామ్మా. పిల్లి పెంటలో ఒక క్రిమి ఉంటుందట. ఈ నెలల్లో తల్లికి అంటుకుంటే లోపల బిడ్డకి కళ్ళో, మెదడో దెబ్బతినొచ్చట."

"మేము పిల్లుల మధ్యే కన్నాం, పెంచాం. ఫోన్లో ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు."

"మీ రోజుల్లో ఎంతమంది పిల్లలు దక్కకుండా పోయారో నువ్వే చెప్తావు కదా."

ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్దామని కోడలు ఆటో పిలిచింది. చీర మార్చుకుని ముందుగా వెళ్ళి ఆటోలో కూర్చున్నాను.

రాజమండ్రిలో దాన్ని చూసే డాక్టరమ్మ అన్నీ అడిగింది. పిల్లి ఇంట్లోదా, అమ్మాయి కొత్తిమీర ఎప్పటి నుంచి తింటోంది, పచ్చిదేనా. మనవరాలు నోరు తెరిచేలోపే నేను చెప్పాను.

"పచ్చిదేనండి. మడి వేసింది నేను, నూరింది నేను. దాన్నేమీ అనకండి."

"ఎవర్నీ అనడం లేదు మామ్మగారూ. మీరు ముందు కూర్చోండి."

అన్ని పిల్లుల్లోనూ ఆ క్రిమి ఉండదట. ఉన్న పిల్లి కూడా ఎల్లకాలం బయటికి వదలదట. కానీ ఒకసారి మట్టిలో పడితే నెలల తరబడి చావదట. ఎండకీ వానకీ ఓర్చుకుంటుంది, ఉడికిస్తే మాత్రం చస్తుంది. ఇవన్నీ ఆవిడ మెల్లగా చెప్పింది. రక్తం తీసి పంపించారు. క్రిమి ఒంట్లోకి వచ్చిందో లేదో, వస్తే ఇప్పుడొచ్చిందో ఎప్పుడో వచ్చిందో రిపోర్టులో తెలుస్తుందన్నారు. రావడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు.

ఇంటికి రాగానే మా అబ్బాయి పిల్లిని సంచిలో వేసి మిల్లు దగ్గర వదిలేస్తానన్నాడు.

"అక్కడ బోలెడు ఎలకలు. హాయిగా బతుకుతుంది."

"ఒరేయ్, దానికి పరుపు పరిచింది నేను. అదేం చేసింది? ముందు రిపోర్టు రానీ."

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని మడిలోని కొత్తిమీర అంతా వేళ్ళతో సహా పీకేశాను. పాలకూర, ముల్లంగి కూడా. పక్కింటి గేదెకు వెయ్యమని కోడలు అంటే వద్దన్నాను. పై మట్టి, బూడిద గీకి పెరటి చివర లోతుగా గొయ్యి తవ్వించి కప్పెట్టించాను. నా చేతులతో నేను పెంచిన కూర పారేయడం నా బతుకులో అదే మొదలు. ఆ రోజుల్లో చారులోకి కూడా కొత్తిమీర వెయ్యలేదు. మనవరాలు మళ్ళీ అన్నం మానేసి మజ్జిగ మీదే ఉంది. పక్క గదిలో అది అటూ ఇటూ పొర్లుతుంటే మంచం చప్పుడు నాకు వినపడేది. పెనుగొండ అమ్మవారికి మనసులోనే మొక్కుకున్నాను.

రిపోర్టు వచ్చిందని ఫోను వస్తే మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం కిందికీ పైకీ చూసింది. ఆవిడ మొహం చూసి ఏదైనా తెలుస్తుందేమోనని నేను ఆవిడనే చూస్తున్నాను.

"క్రిమి వచ్చింది," అంది.

కోడలు నా మోచెయ్యి పట్టుకుంది.

"భయపడకండి. ఇది ఇప్పటిది కాదు, ఎప్పుడో వచ్చి పోయిన పాతది. కొత్తగా అంటుకున్న గుర్తు ఏమీ లేదు. ఒకసారి వచ్చిపోతే ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి ఉండిపోతుంది. బిడ్డకి దీనివల్ల భయం లేదమ్మా."

మనవరాలు పైట చెంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. అది ఏడుస్తుంటే నా గుండెల మీది బరువు దిగిపోయింది. అయినా నాకు సందేహం తీరలేదు.

"అయితే నా మడిది కాదాండి?"

"ఈ మడిది కాదు మామ్మగారూ. చిన్నప్పుడు మట్టిలో ఎక్కువ ఆడేదా?"

"ఆడటమేంటండీ, తినేది. నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని గుప్పిళ్ళతో తినేది. ఎన్నిసార్లు వీపు వాయగొట్టానో."

మనవరాలు ఏడుపు మధ్యలోనే నవ్వింది. కోడలు ఊరుకుంటుందా.

"అదే మందయింది చూడండి అత్తయ్యగారూ. అప్పుడు కొట్టినందుకు ఇప్పుడేమంటారు?"

"మట్టి తింటే కొట్టక ముద్దు పెట్టుకుంటారా? ఇప్పుడు తిన్నా కొడతాను."

పిల్లి ఒక్కదాని వల్లే కాదు, మట్టిలో ఇంకా చాలా రోగాలుంటాయి, జాగ్రత్త మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. నేను మానలేదు. పాత మడిలో ఇప్పుడు ఆకుకూర లేదు. పందిరి వేసి బీర, ఆనప పాదులు పెట్టాను. కాయ నేలకు తగలదు, ఎలాగూ ఉడికించే తింటాం. కొత్తిమీర రొయ్యల చెరువుల దగ్గర దొరికిన విరిగిన ట్రేలలో వేశాను. కాలవ గట్టు మట్టి నింపి డాబా మీదికి ఎక్కించాను. మేడ మెట్లు ఎక్కడం పిల్లికి కష్టమేం కాదు కాబట్టి, చెరువు మీద పక్షులు వాలకుండా కట్టే వల పాతది అడిగి తెచ్చి పైన బిగించి కట్టాను.

మిగిలిన బస్తా బూడిద నేనేం పారేయలేదు. పెరటి మూల, నూతికీ పాదులకూ దూరంగా, పాత టైర్లో పోశాను. పిల్లికి రెండు రోజుల్లో అలవాటైంది. రోజూ పొద్దున్నే తొడుగు వేసుకుని రేకుతో ఎత్తి గోతిలో పూడ్చి, చేతులు సబ్బుతో కడుక్కుంటాను. ఆ పని మనవరాలిని ముట్టుకోనివ్వను. ఆ రిపోర్టు సంగతి నాకూ తెలుసు, అయినా ముట్టుకోనివ్వను.

నిన్న డాబా మీది కొత్తిమీర మొదటిసారి కోశాను. కుళాయి కింద ఒక్కొక్క రెమ్మ విప్పి కడిగాను. నీళ్ళు పోతే పోయాయి. మూకుట్లో నూనె వేసి, మినప్పప్పుతో పాటు దాన్ని కూడా బాగా మగ్గబెట్టి నూరాను. మనవరాలు ముద్ద నోట్లో పెట్టుకుని మొహం ముడిచింది. వేవిళ్ళు తగ్గాయి కాబట్టి ఆ ముడత వట్టి గారాబమే.

"పచ్చిదానికున్న రుచి దీనికి లేదు మామ్మా."

"రుచి పురుడయ్యాక చూద్దాం. తిను."

రెండోసారి అన్నం పెట్టించుకుంది.