కదలని అంకె

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం జనమంతా పనులు ఆపేసిన రోజులు. బొగ్గు గనుల్లోనూ పని ఆగడంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయేవాళ్లం. ఖాజాగూడలో ఒక ఇంటి మేడ మీద ఉండేది మా చిన్న కంపెనీ. ఒక బంద్ రోజు ఆఫీసుకు వచ్చింది ఇద్దరమే. పక్క వీధి హాస్టల్లో ఉండే నేను, పుప్పాలగూడలో పుట్టి పెరిగిన నా సహోద్యోగి. బోర్డులూ వైర్లూ నావి. వాటిలో నడిచే ప్రోగ్రాం అతనిది.

మాది కృష్ణా జిల్లా. కొన్ని వారాల ముందు మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. తమ పొలాల్లో లేచిన అద్దాల మేడల ముందు తన మేనమామ వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడని అతనన్నాడు. లోపల పనిచేసుకునే మేమంతా దొంగలమా అని నేనడిగాను. అప్పటిదాకా నన్ను ‘నువ్వు’ అనే మనిషి మర్నాటి నుంచి ‘మీరు’ అనడం మొదలుపెట్టాడు.

పదకొండు దాటాక ఫోన్ మోగింది. గోపన్‌పల్లి అవతల ఉన్న చిన్న దవాఖాన నుంచి, పసిపిల్లల వార్డు చూసే హెడ్ నర్సు. నెలలు నిండక పుట్టి, వేడినిచ్చే వార్మర్ కింద పడుకోబెట్టిన పిల్లల ఒంటికి అతికించే ఉష్ణోగ్రత సెన్సరు, దాన్ని చదివి చూపించే డబ్బా మేం తయారుచేసినవే. ఒళ్లు చల్లబడితే డబ్బా కూత పెట్టాలి.

“పొద్దుగాల్నుంచి మీ డబ్బ ఒక్కటే అంకె చూపెడుతుంది,” అందామె. “కరెంటు పోయొచ్చినంక వార్మర్ మళ్ల ఆన్ కాలే. పిల్ల కాళ్లు ముట్టుకుంటే మంచు లెక్క ఉన్నయి. మీ డబ్బ మాత్రం అంతా మంచిగనే ఉందంటుంది.”

పిల్లను అప్పటికే తల్లి ఎదకు ఆనించి గుడ్డతో కట్టారట. అతను లాప్‌టాప్ సంచిలో పెట్టి బండి తాళాలు తీశాడు. వోల్టేజి చూసే మల్టీమీటరు, రెండు సెన్సర్లు, వైర్లు సంచిలో వేసుకుని నేను వెనక కూర్చున్నాను.

మెయిన్ రోడ్డు వదిలి సందుల్లోంచి తీసుకెళ్లాడు. అయినా ఒక మలుపు దగ్గర టైర్లు కాలుతున్నాయి, రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. పది పదిహేను మంది మమ్మల్ని ఆపారు. దవాఖానకు పోవాలని అతను చెప్పాడు. ఒకాయన నా వైపు తిరిగి, మేడం మీదేవూరు అని అడిగాడు. అతను నా బదులు జవాబివ్వలేదు.

“గన్నవరం దగ్గరండి. చంటిపిల్లకి బాగోలేదండి, వెళ్లనివ్వండి,” అన్నాను. నోరు తెరిస్తే నా ఊరేదో దాగదు. ఆయన నా ఒళ్లోని వైర్ల సంచిని కాసేపు చూశాడు. తర్వాత తనే వంగి ఒక రాయి పక్కకు దొర్లించి, “జర దారియ్యుండ్రి,” అన్నాడు వెనకవాళ్లతో.

వార్డులో డబ్బా మీద ముప్పై ఆరున్నర డిగ్రీల అంకె వెలుగుతోంది. సెన్సరు ఖాళీ పరుపు మీద పడి ఉంది. పరుపుకు ఒంటి వేడి ఎలా ఉంటుంది?

సెన్సరుకూ బోర్డుకూ మధ్య రెండు తీగల మీద సంభాషణ నడుస్తుంది. ఒకదాని మీద బోర్డు పాటకు వేసినట్టు తాళం వేస్తుంది, ఆ తాళానికి తగ్గట్టు రెండోదాని మీద సెన్సరు జవాబు చెబుతుంది. మీటరు పెట్టి చూస్తే జవాబు తీగలో వోల్టేజి సున్నా. ఏ మాటా లేనప్పుడు ఆ వోల్టేజి పూర్తిగా ఉండాలి. సెన్సరు పీకి మళ్లీ పెట్టాను. వెంటనే అంకె కదిలి గది వేడిమికి దిగింది. అంటే సెన్సరు చెడిపోలేదు, జవాబు మధ్యలో ఎక్కడో చిక్కుకుపోయింది. చూస్తే, ఎవరో దాని తీగను వార్మర్ కరెంటు వైరుతో కలిపి టేపు చుట్టారు.

కరెంటు నుంచి జనరేటరుకు మారే క్షణంలోనే ఇది జరుగుతోందని నా అనుమానం. పరీక్షించాలంటే కరెంటు పోవాలి. పిల్లలున్న వార్డులో కావాలని తీయమని ఎలా అడుగుతాం? టేపు అలాగే ఉంచి, సెన్సరును పిడికిట్లో బిగించుకుని నిలబడ్డాను. అతను లాప్‌టాప్ తగిలించి నేల మీద కూర్చున్నాడు. అంకె నా చేతి వేడికి నెమ్మదిగా ఎక్కింది. మూలన ఆ తల్లి కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

ఎంతసేపటికో లైట్లు ఆరాయి; లోపలి బ్యాటరీ మీద డబ్బా మాత్రం వెలుగుతూనే ఉంది. కింద జనరేటరు గుర్రుమంది, లైట్లు వెలిగాయి. నేను సెన్సరును పక్కన పెట్టుకున్న గ్లాసులోని చల్లటి నీళ్లలో ముంచాను. అంకె దిగలేదు. నీళ్లలో ఉన్న సెన్సరుకు నా ఒంటి వేడి చూపిస్తూ కూర్చుంది డబ్బా. హెడ్ నర్సు నా భుజం మీదుగా చూసి, వెళ్లి ఆ పిల్ల పాదాలు మళ్లీ పట్టుకుంది.

కారణం అప్పుడు తేటపడింది. జనరేటరు మారేటప్పటి అలజడికి సెన్సరు తాళం తప్పి, జవాబు మధ్యలో ఆగిపోయి తీగను సున్నా దగ్గరే పట్టేసుకుంటోంది. కొత్త జవాబు రాకపోతే పాత అంకెనే ఉంచమన్నది మా బాసు. డాక్టర్ల ముందు తెర ఖాళీగా కనబడితే నమ్మకం పోతుందని ఆయన పట్టుబట్టాడు.

సెన్సరు వదిలేలా మళ్లీ మళ్లీ తాళం వేయాలి, వదిలేదాకా తెర మీద గీతలు చూపించి కూత పెట్టాలి. అతను అక్కడే ప్రోగ్రాం మార్చసాగాడు. ఫోన్లో బాసు ఒప్పుకోలేదు. ఊరికే కూస్తే నర్సులే దాన్ని తీసి పక్కన పడేస్తారన్నాడు.

“కూయనీయండి సార్,” అన్నాడు అతను. “అది తెలువదంటే తెలువదనే చెప్పాలె. గీ పిల్లను జూస్తే మీరు గూడ గదే అంటరు.” అవతల నుంచి జవాబు రాకముందే ఫోన్ పెట్టేశాడు.

కరెంటు తిరిగొచ్చినప్పుడు తెర మీద గీతలు పడ్డాయి, డబ్బా కూసింది, కాసేపటికి నీళ్ల చల్లదనం అంకెగా వచ్చింది. అప్పుడు టేపు విప్పి తీగను విడిగా గోడ వెంట తిప్పి కట్టాం.

అయినా హెడ్ నర్సు దాన్ని పిల్లకు పెట్టనివ్వలేదు. “ఇయ్యాల్టికి వద్దు బిడ్డా. గ్లాసులనే ఉండనియ్యి. నాకు నమ్మకం కుదిరినంక నేనే చెప్తా,” అంది. ఆమెకు ఎదురు చెప్పే మొహం మాకు లేదు.

బయల్దేరేముందు పిల్ల ఎలా ఉందని హెడ్ నర్సును అడిగాను. పాదాలు వెచ్చబడ్డాయని, పాలు తాగుతోందని చెప్పింది. మెట్ల దగ్గర అతను నేలకేసి చూస్తూ, ప్రోగ్రాంలో ఆ పాత అంకె పెట్టే వరుస తన చేత్తో రాసిందేనని అన్నాడు. కరెంటు వైరు పక్కన తీగ లాగకూడదని కాగితం మీదైనా రాయకుండా ఆ బోర్డు ఇచ్చింది నేనేనని నేనన్నాను.

దాదాపు నెల తర్వాత హెడ్ నర్సు ఫోన్ చేసి, వచ్చి పెట్టమంది. ఆ పిల్ల ఎప్పుడో ఇంటికెళ్లిపోయిందట. ఆ మంచంలో అప్పుడు అంతకన్నా చిన్న పిల్లవాడున్నాడు. మేం సెన్సరు అతికిస్తుంటే, ఆమె థర్మామీటరు చేతిలో పట్టుకుని మా పక్కనే నిలబడింది.