పదిహేడు అంగుళాల చక్రం

గరాజ్ తలుపు తీయగానే కొత్త రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. చలికాలపు టైర్లు మార్చే వేళయింది. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు సుభద్ర ఆంటీ గుర్తుకొస్తారు. న్యూజెర్సీలో మా పక్కింటావిడ. ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా రిటైరయ్యారు. డెబ్బై దాటినా రెండు సీట్ల స్పోర్ట్స్ కారు నడిపేవారు. గుడికి కూడా పట్టుచీర కట్టుకుని అందులోనే వచ్చేవారు. మావాళ్లు చాటుగా నవ్వుకునేవారు. నేనూ నవ్వాను, అదే మోడల్లో కొత్తది కొనుక్కునేదాకా.

నా కారుకి పంతొమ్మిది అంగుళాల చక్రాలు. చూడ్డానికి భలే ఉండేవి. వాటికే మంచు టైర్లు వేయిద్దామనుకున్నాను. అదీ వెనక రెండింటికే, కారుని నడిపించేవి అవే కదా అని.

"కదలడానికి రెండు చాలమ్మా. మలుపులో ముందు చక్రాలు జారితే ఏం చేస్తావ్? నాలుగూ మార్చు," అన్నారు ఆంటీ. "చక్రం సైజు కూడా తగ్గించు. పదిహేడు పెట్టు. అప్పుడు రిమ్ చుట్టూ టైరు రబ్బరు గోడ ఎత్తుగా ఉంటుంది, గుంటలో పడ్డా రిమ్ బెండ్ అవదు."

"పదిహేడా? బొమ్మకారులా ఉంటుంది ఆంటీ!"

"ఉండనీ. మంచులో నీ కారుని ఎవరు చూస్తారే?"

ఆవిడ మాటే నెగ్గింది. కొనేముందు సరిచూద్దామని తన కారు పదిహేడు అంగుళాల చక్రమొకటి దొర్లించుకుంటూ మా గరాజ్‌కి తెచ్చారు. బిగించబోతే పట్టలేదు. నా కొత్త కారు బ్రేకులు ఆవిడ కారువాటికన్నా పెద్దవి, రిమ్ లోపలివైపు తగులుతున్నాయి. ఇప్పుడేదో సర్దిచెబుతారని కాస్త సంబరంగానే ఎదురుచూశాను. ఆవిడ చేతులు తుడుచుకుని, "పట్టలేదు. నాదే తప్పు. పద్దెనిమిది తీసుకో," అన్నారు. అంతే, కాఫీకి రమ్మని పిలిచారు. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంట్లో గానీ ఆఫీసులో గానీ నేనప్పటిదాకా చూడలేదు.

కొన్నేళ్లకు ఆవిడ కారు తలుపుల మీద గీతలు కనిపించసాగాయి. ఒకరోజు తనే పిలిచారు.

"పక్కన కూర్చో. నేనింకా డ్రైవ్ చెయ్యొచ్చో లేదో చెప్పు. మా పిల్లలు భయంతో వద్దంటారు. నువ్వు చూసి చెప్పు."

ఓక్ ట్రీ రోడ్డు దాకా వెళ్లొచ్చాం. ఒక స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా వెళ్లిపోయారు. రోడ్డు దాటుతున్న మనిషిని నేను అరిచాక గానీ చూడలేదు. ఇంటి ముందు ఇంజన్ ఆపి నా వైపు తిరిగారు. ఆ కారంటే ఆవిడకెంత ఇష్టమో నాకు తెలుసు. అబద్ధం నోటిదాకా వచ్చింది.

"ఇక వద్దు ఆంటీ," అన్నాను.

స్టీరింగ్ మీద చేతులు కాసేపు అలాగే ఉంచారు. తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"సరే. పట్టలేదు," అన్నారు.

ఆంటీ ఇప్పుడు లేరు. ఆఫీసులో నా పని తప్పని ఎవరైనా చూపిస్తే ఇప్పటికీ నా మొహం మాడిపోతుంది. అయినా ఆవిడలాగే "పట్టలేదు, నాదే తప్పు" అని ఊరుకుంటాను, సంజాయిషీ కలపను. అనడం తేలిక కాదు. ఆవిడకూ తేలిక కాలేదని, ఆ రోజు స్టీరింగ్ మీది చేతులు చూసిన నాకు తెలుసు.