వదినగారి కుడికన్ను

ముప్పై ఏళ్లుగా ఆ కంటి ఆసుపత్రిలో ఆమె పని ఒక్కటే. వచ్చినవాళ్ల ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం. అందరికీ ఆమె అద్దాలక్క. భర్త అక్కగారు మాత్రం "ముసలాళ్లకు అఆలు చెప్పే ఉద్యోగం" అని వెక్కిరించేది.

ఒకరోజు కంటి వెనక పొరను అంచుల దాకా ఫొటో తీసే కెమెరా వచ్చింది. దాన్ని నడిపే పని అద్దాలక్క మీద పడింది. మౌసు పట్టుకుంటే చెయ్యి వణికింది. మొదటి ఇరవై ఫొటోల్లో కనురెప్పల వెంట్రుకలే పడ్డాయి. రాజీనామా రాసి సంచిలో పెట్టుకుంది. కానీ ఆమె మొండిఘటం. వారం రోజులు మధ్యాహ్నం క్యారియర్ విప్పకుండా వాచ్‌మన్ నుంచి డాక్టరమ్మ దాకా అందరి కళ్లూ ఫొటో తీసింది. చెయ్యి కుదిరింది. రాజీనామా చెత్తబుట్టలో పడింది.

ఆ నెలలోనే వదినగారు దిగింది, కళ్లజోడు విరిగిందని, కొత్తది రాసిమ్మని. ఇనుప ఫ్రేములో అద్దాలు కుదరగానే ఆఖరి వరుస దాకా గడగడా చదివేసింది.

"చూశావా? నా కళ్లకేం ఢోకా లేదు."

"ఒక్క ఫొటో వదినా. చుక్కల మందు కూడా వెయ్యను."

"నాకేమైనా పెళ్లిచూపులా, ఫొటోకి!" గొణుగుతూనే గడ్డం ఆనించింది.

"రెప్ప వేయకండి... ఆఁ, అయిపోయింది."

తెర మీద కుడికన్ను నారింజరంగులో విచ్చుకుంది. ఓ మూల అంచున, గుర్రపు నాడా ఆకారంలో చిన్న చిరుగు. అద్దాలక్క పరుగున వెళ్లి డాక్టరమ్మను లాక్కొచ్చింది.

"అంచున ఉంది, మామూలు పరీక్షలో నాకూ కనపడేది కాదేమో," అంది డాక్టరమ్మ. "వదిలేస్తే పొర ఊడొచ్చి చూపే పోయేది. ఇప్పుడే లేజరు పెట్టేద్దాం."

వదినగారి మొహం పాలిపోయింది. "నొప్పే లేదు కదే నాకు!"

"నొప్పి తెలీదు వదినా. పదండి, నేనున్నాగా."

పావుగంటలో చిరుగు చుట్టూ లేజరు పడింది.

నెల తర్వాత మళ్లీ ఫొటో తీశారు. అతుకు గట్టిగా పట్టింది, పొర చెక్కుచెదరలేదు. వదినగారు బయటికొచ్చి, వరుసలో కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా గొంతెత్తింది.

"ఫొటో తీయించుకోకుండా ఒక్కరు కదిలారంటే ఊరుకోను! లోపల తీసేదెవరనుకున్నారు? మా మరదలు!"

అని ఊరుకోలేదు. తలుపు దగ్గరే నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి తోలింది. సాయంత్రానికి నలభై మంది. అద్దాలక్కకు నవ్వు ఆగలేదు, చెయ్యి మాత్రం ఒక్కసారీ వణకలేదు.