మాట చెప్పడానికి వెళ్లిన కల్లు యాత్ర: ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు సైకిళ్ల మీద

ఈ మధ్య కొందరు కుర్రాళ్లు సైకిళ్ల మీద ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్లాలనుకుంటూ దారి ఎట్లా ఉంటుందని నన్నడిగారు. మద్యనిషేధం సడలించి కల్లు అంగళ్లు తెరిచిన కొత్తలో మేం నలుగురం ఆ దారిన వెళ్లాం. మా జిల్లాలో మేం పెరిగిన కాలమంతా నిషేధమే. దొంగసారా కాసేవాళ్లు కాశారు, తాగేవాళ్లు తాగారు గానీ, పట్టపగలు బల్ల మీద కూర్చుని ముంత ఎత్తడం మా వయసువాళ్లకు కొత్త. మా స్నేహితుల్లో గుమాస్తా సుబ్బరాయుడికి దారిపొడవునా ఉన్న అంగళ్లన్నీ చూసి రావాలని బుద్ధి పుట్టింది. మా బడిలో పనిచేసే దేవదానమూ నేనూ సరేనన్నాం. దేవదానం మాకన్నా పెద్ద, మంచి మాటకారి. ఆదివారం ప్రార్థనకు అందకపోతే ఇంట్లో ఊరుకోరన్నాడు కాబట్టి సెలవు కలిసొచ్చిన ఒక శుక్రవారం పెట్టుకున్నాం.

నాలుగోవాడు ఓబులేసు, జిన్నింగు మిల్లులో ఫిట్టరు. అతను కల్లు కోసం రాలేదు. సారా తాగి తాగి పెళ్లాన్ని పోగొట్టుకున్నవాడు. అతని భార్య లక్షుమ్మ చంటిబిడ్డను తీసుకుని పులివెందులలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఓబులేసు చుక్క ముట్టలేదు. అయినా మామ వెంకటసామి నమ్మలేదు. అల్లుడు తాగడం లేదని నలుగురు పెద్దమనుషులు వచ్చి చెబితేనే కూతుర్ని పంపుతానన్నాడు. అలిగి వెళ్లిన ఆడమనిషిని పిలుచుకు రావడానికి పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని పోవడం మా వైపు మామూలే. "ఎట్లాగూ పులివెందులకు పోతాండారు గదా, మా మామింటికాడికి వచ్చి ఒక మాట చెప్పండప్పా. ఈసారి పంపకపోతే ఇంగ ఎప్పుడూ పంపరు," అని ఓబులేసు బతిమాలాడు. చెబుదాంలే అన్నాం. తాగిన నోటితో తాగని మనిషి తరఫున ఎట్లా మాట చెబుతామన్న ఆలోచన మాలో ఒక్కడికీ రాలేదు.

తెల్లవారక ముందే బయల్దేరాం. సైకిలు మీద వెళ్లేవాళ్లు ఇప్పటికీ అట్లాగే బయల్దేరండి. పొద్దెక్కితే ఆ దారిలో నీడ దొరకదు. ఊరి శివార్లలో వంక పక్కన ఈతచెట్లు, వాటి కింద రెండు బల్లలు వేసిన అంగడి. ముంత పావలా. అప్పుడే దింపిన ఈతకల్లు తియ్యగా, కొబ్బరినీళ్లకు దగ్గరి చుట్టంలా ఉంది. నంజుకోవడానికి అలసంద గుగ్గిళ్లు పెట్టారు. కల్లు పోస్తున్న ఆమె ఓబులేసు వైపు చూసి, "ఆయప్పకు పోయొద్దా?" అంది. "నాకొద్దమ్మా. నేను సైకిళ్లు సూస్తాంటా," అని అతను దూరంగా వెళ్లి నిలబడ్డాడు. గాలి మావైపు నుంచి వీచినప్పుడల్లా ముఖం తిప్పుకున్నాడు. నాకు జాలేసింది. జాలి పడుతూనే రెండో ముంత తాగాను.

జమ్మలమడుగు చేరేసరికి ఎనిమిది దాటింది. పెన్న కనబడే చోట కాసేపు ఆగి, బజారులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆ దారిన వెళ్లేవాళ్లు ఈ పూటే కడుపు నింపుకోవాలి. ఊరి చివర రెండో అంగడి. అక్కడ కల్లు కొంచెం పులుపెక్కి ఉంది, దేవదానం మాటలు కొంచెం పొడవయ్యాయి. ముద్దనూరులో రైలు గేటు దాటాక మూడోది. అక్కడ సుబ్బరాయుడు సాయంత్రానికి పనికొస్తుందని ఒక పెద్ద సీసా నిండా కల్లు పోయించాడు. నూనె సీసాకు బిగించినట్టు బిరడా దిగగొట్టి, పురికొసతో గట్టిగా కట్టాడు. సీసా ఎవరు మోయాలన్న ప్రశ్న వచ్చింది. "తాగినోడు పగలగొడతాడు. తాగనోడి దగ్గరుంటేనే భద్రం," అని దేవదానం తీర్పు చెప్పాడు. ఓబులేసు ఆ సీసాను ఒకసారి చూసి సంచి తెరిచి పట్టుకున్నాడు. ఆ సంచిలో లక్షుమ్మకు కొన్న కొత్త చీర, అతని ఉతికిన చొక్కా ఉన్నాయి. దాన్ని సైకిలు హ్యాండిలుకు తగిలించుకున్నాడు.

ముద్దనూరు నుంచి పులివెందులకు దూరమూ ఎక్కువే, ఎగుడూ ఎక్కువే. ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. కల్లు సీసాలో కూడా పొంగుతూనే ఉంటుందని, దానికి ఊపిరాడే సందు ఉండాలని మాలో ఎవరికీ తెలియదు. ఎట్లా తెలుస్తుంది? కల్లు మోసుకెళ్లడం చూసి పెరిగినవాళ్లం కాదు. తొండూరు ఇంకా రాకముందే ఢామ్మని చప్పుడైంది. టైరు పేలిందనుకుని ముగ్గురం దిగి ఎవరి చక్రాలు వాళ్లం నొక్కి చూసుకున్నాం. ఓబులేసు మాత్రం సైకిలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. గడ్డం నుంచి పంచె దాకా కల్లు కారుతోంది. గాజుముక్కలు సంచిలోనే ఆగిపోయాయి, అదొక్కటే అదృష్టం.

"అంతా నా మీదనే పడ్య. ఈ వాసనతో ఆడికి ఎట్లా పోయేది?" అన్నాడు. దారి పక్కన కపిల బావి కనబడితే ఒంటి మీది చొక్కా, సంచిలోని చొక్కా, చీర జాడించాం. సబ్బు లేదు. పిండితే నీళ్లు పోయాయి గానీ వాసన పోలేదు. తిరిగి వెళ్లిపోదామని నేనన్నాను. "పెద్దమనుషుల్ని పిలుచుకొని వస్తాండానని కబురు పంపినా. ఈ పొద్దు పోకపోతే తాగి యాడనో పడినాడనుకుంటారు," అని సైకిలెక్కాడు. తప్పు మాదైతే ముఖం చూపించాల్సింది అతను.

మూడు గంటల వేళ పులివెందుల చేరాం. వెంకటసామి ఇంటి ముందు మంచం వాల్చి ఉంది. అల్లుడు నాలుగడుగుల దూరంలో ఉండగానే ఆయన ముక్కు చిట్లించాడు. దేవదానం ముందుకెళ్లి సీసా సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు గదా మామా. ఇదీ అట్లాంటిదే. ఓబులేసు చుక్క తాగల్యా."

"ఆయప్ప పాల సంగతి తర్వాత చూస్తాం. నువ్వు తాగింది ఏంది?" అన్నాడు వెంకటసామి.

దేవదానం చేత్తో నోరు మూసుకున్నాడు. మూసుకోక ముందే ఆ నోటి వాసన చెప్పాల్సింది చెప్పేసింది. "తాగుబోతుకు తాగుబోతులు పెద్దమనుషులు. పోండప్పా," అని ఆయన లేచి తలుపు వైపు తిరిగాడు. ఓబులేసు తడి చీర రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు కదిలాయి, మాట బయటకు రాలేదు.

అంతలో లక్షుమ్మ బిడ్డను చంకనేసుకుని గడప దాటి వచ్చింది. మొగుడి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఈ మనిషి తాగల్యా నాయనా," అంది.

"వాసన నీకు రాల్యా?"

"వాసన బట్టలది. తాగినాడంటే ఈయప్పకు శానా మాటలొస్తాయి. కాళ్లు పట్టుకుంటాడు, బిడ్డ మీద ఒట్లు పెడతాడు, రేపటి నుంచి మారిపోతానంటాడు. ఇప్పుడు సూడు, ఒక మాటన్నా వచ్చిందా?"

వెంకటసామి అల్లుణ్ణి ఎగాదిగా చూసి, మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు. లక్షుమ్మ చీర అందుకుని దులిపి, దండెం మీద ఆరేసింది. మర్నాడు పొద్దున బస్సుకు వస్తానంది. "ఈళ్లతో మాత్రం రాను," అని మా ముగ్గుర్నీ చూపించింది. ఆ రాత్రి ఓబులేసు అత్తింట్లో పడుకున్నాడు. మేం ముగ్గురం బస్టాండు దగ్గర గదిలో పడుకుని, మర్నాడు ఏ అంగడి ముందూ ఆగకుండా ఇల్లు చేరాం.

ఓబులేసు మళ్లీ ఎప్పుడూ తాగలేదని రాయాలని నాకూ ఉంది. రెండుసార్లు తాగాడు. రెండుసార్లూ గుమ్మంలో అడుగు పెడుతూనే తియ్యటి మాటలు మొదలుపెట్టి దొరికిపోయాడు. మూడోసారి లేదు. అతన్ని తలుచుకుంటే నాకు మా చేతగానితనం కన్నా, ఆ తడి బట్టలతో మిగిలిన దారంతా అతను తొక్కిన తొక్కుడే గుర్తొస్తుంది. వెళ్లకుండా ఉండటానికి అతనికి కావలసినంత సాకు మేమే ఇచ్చాం. ఆ సాకు ఉన్నా అతను రావడాన్నే ఆమె ఆ రోజు చూసిందనుకుంటాను. ఆ దారిన వెళ్లే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఈతకల్లు పొద్దున్నే, దింపిన చోటే తాగండి, సీసాలో పోసి బిరడా కొట్టకండి. ఎవరి తరఫునైనా మాట చెప్పడానికి వెళ్తుంటే మాత్రం, ముందు ఆ మాట చెప్పి రండి.