నాయనమ్మ చెయ్యి పెట్టిన గంగాళం

పొలం ఎవరిదో పట్వారీ కాగితం చెప్పేది. ఆడవాళ్ళ ఇత్తడి సామాను ఎవరికి పోవాలో చెప్పడానికి మా రాజురా తాలూకా పల్లెల్లో కాగితం ఉండేది కాదు. ఇంటి పెద్దామె పక్కింటి ఆడవాళ్ళను ఇద్దరిని పిలిచి, గిన్నె మీద చెయ్యి పెట్టి "ఇది ఫలానామెకు" అంటే అంతే. ఆ మాటను కొడుకులు కూడా కాదనేవాళ్ళు కాదు.

మా నాయనమ్మ గంగవ్వ తన సామాను అలాగే పంచుతూ వచ్చింది. కూతురు సారక్క, అంటే మా మేనత్త, ఆసిఫాబాద్ వైపు నుంచి పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఒకటి ఇచ్చేది. ఓసారి చెంబు, ఓసారి తాంబాళం. అది చూసి మా అమ్మ నర్సక్క కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. అమ్మ మంచిదే, నలుగురికి పెట్టే చెయ్యే. కానీ ఆడబిడ్డ బండి వాకిట్లో ఆగిందంటే ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

అమ్మకు కావలసింది ఒక్కటే, పెద్ద గంగాళం. కాపురానికి వచ్చిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ళు చింతపండు వేసి తోమింది తనే. నాయనమ్మ దాని మీద మాత్రం ఇంకా చెయ్యి పెట్టలేదు. అదీ సారక్క బండెక్కుతుందేమోనని అమ్మ కడుపు మండిపోయేది.

యాభై ఆరులో రాష్ట్రాలను కొత్తగా విడదీశారు. మా తాలూకా బొంబాయి రాష్ట్రంలోకి, అత్త ఊరు ఆంధ్రప్రదేశ్‌లోకి పోతాయన్నారు. నిజాం కాలంలో సరుకు ఆపి సుంకం గుంజిన కరోడ్‌గిరి నాకాలను ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. అమ్మకు దారి దొరికింది.

"అత్తా, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి సారక్కది పరాయి రాజ్యమట. మళ్ళ నాకా పెడ్తరట. ఇత్తడి సామాను దాటనియ్యరట, గుంజుకుంటరట."

"గట్లనా బిడ్డా? మంచిగ చెప్పినవ్," అంది నాయనమ్మ.

అమ్మ ఆ రోజంతా కూనిరాగాలు తీసింది.

దసరాకు సారక్కత్త వచ్చింది. తిరిగి వెళ్ళే పొద్దున నాయనమ్మ పక్కింటి ఎల్లమ్మను, రాజక్కను పిలిచి, గంగాళం మీద చెయ్యి పెట్టి "ఇది సారక్కకు" అంది. నలుగురు పట్టి బండెక్కించారు.

అమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. "పద్దెనిమిదేండ్లు తోమిన! నేనేం పాపం చేసిన అత్తా?" అంటూ అందరి ముందే ఏడ్చేసింది.

"అది నీకే అనుకున్న బిడ్డా," అంది నాయనమ్మ. "సారక్కకు వచ్చినప్పుడల్లా చిన్నదొకటి ఇచ్చుకుంట పోదమనుకున్న. ఇగ ఇయ్యరాదని నువ్వే చెప్తివి గద. అందుకే పెద్దది ఒక్కపారే ఇచ్చిన."

ఆమె అమాయకురాలో గడుసుదో నాకిప్పటికీ తేలలేదు.

ఒకటో తారీకు వచ్చింది, పోయింది. నాకా ఎక్కడా పెట్టలేదు. మరుసటి దసరాకు సారక్కత్త బండి వాకిట్లో ఆగగానే అమ్మ మట్టికుండలోంచి నీళ్ళు ముంచి, కాళ్ళు కడుక్కోమని ఇచ్చింది.

"తొవ్వల ఎవరన్న ఆపిండ్రా?" అని అడిగింది, ఆశ చావక.

"ఎవరాపుతరు వదినె?" అంది అత్త నవ్వుతూ.

ఆ పూట కూర ఎవరూ నోట పెట్టలేకపోయాం.