పిల్ల పేరున పెట్టిన బంగారం

ఎనిమిది తులాల బంగారం చేతిలో పెడితే పెద్ద బరువేం కాదు. నేను దాన్ని ముట్టుకోకుండనే ఏండ్ల సంది మోస్తున్న. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. ఇసొంటి సంగతి చెప్పుకునేటందుకు ఇంతకంటే మంచి చుట్టరికం దొరకదు.

మాది దేవరకొండ. ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్తా. పన్ను ఎట్ల కట్టాల్నో సిలబస్‌లో ఉంటది. ఎట్ల తప్పించుకోవాల్నో పిల్లలు అడిగి మరీ రాసుకుంటరు. రెండోదాంట్లో నాకు మంచి పేరుండె.

అబ్బా, అంటే మా నాయిన, పోయినంక అమ్మకు మిగిలింది ఒంటి మీది నగలే. ఏడున్నర తులాలు దాటిన బంగారం ఏడాది పొడుగూత మన దగ్గరుంటే, దాని విలువలో నలభయ్యో వంతు పేదోళ్లకు ఇయ్యాలె. అదే జకాత్. అది దయతో వేసే దానం కాదు, వాళ్ల హక్కు. వేసుకునే నగలకు కూడా ఉంటదని మా మసీదులో చెప్తరు. ఏటా రంజాన్‌కు అమ్మ గుర్తుచేసేది, నేను జీతంలోంచి తీసి ఇచ్చేవాణ్ణి. ఇచ్చేటప్పుడు నా మొహం ఎట్లుండేదో చూసినోళ్లే చెప్పాలె.

తెలంగాణ వచ్చిన కొత్తల షాద్‌నగర్ దిక్కు ఒక ప్లాటు తీసుకున్న. కిస్తీలు మొదలైనయి. ఆ రంజాన్‌కే నాకొక ఉపాయం తట్టింది. చిన్నపిల్లల సొమ్ముకు జకాత్ లేదని ఎక్కడో చదివిన. నగలన్నీ నా బిడ్డకు ఇచ్చిన్నని నోటితో ఒక్క మాట అను, అవి నీ పెట్టెలనే ఉంటయి, నువ్వే వేసుకుంటవు అని అమ్మకు చెప్పిన. బిడ్డ అప్పుడు ఒకటో తరగతి. మసీదు మౌల్సాబ్‌ను అడిగినవా అన్నది అమ్మ. అడిగిన, సరేనన్నడు అని చెప్పిన.

అడగలే. మసీదు దాకా పోయిన మాట మాత్రం నిజం. ఆయన గేటు కాడ బండి మీద టమాటలు ఏరుకుంటుండె. ఏమంటడో నాకు తెలుసు. తెలిసిన సంగతే అడిగి పెద్దమనిషి టైము ఖరాబు చేయుడెందుకని వాపస్ వచ్చిన.

నా లెక్కలో రానిది ఒకటే. అమ్మకు మాటంటే మాటే. ఆ సాయంత్రమే గాజులు తీసి పిల్ల చేతిలో పెట్టింది. అటెన్క పెండ్లికి పోవాల్నంటే పిల్లను అడిగేది, ఒక్క పూట వేసుకుంటనే అని. పిల్ల కిరాయి కింద ఐస్‌క్రీం అడిగేది. ఇంటిల్లిపాది నవ్వేటోళ్లం, అందరికంటే గట్టిగ నేను. కొన్నాళ్లకు అమ్మ అడుగుడు కూడా బంద్ చేసింది. బోసి చేతులతోనే పెండ్లిళ్లు తిరిగింది.

కొన్నేండ్లకు అమ్మ చెల్లెలు, మా ఖాలా, ఉమ్రాకు బయలెల్లింది. మక్కా చూడాలని అమ్మకు ఎన్నటిదో ఆశ. అక్కా నువ్వు కూడా రా అని ఖాలా వచ్చి బతిమాలింది. ఆమె వాపస్ ఇంటికి మళ్లినంక, నగలు అమ్ముదామని అమ్మతో అన్న.

"పిల్ల సొమ్ము అమ్ముకొని అల్లా ఇంటికి పోవాల్నా?"

"గది ఉత్త మాటకే కదమ్మా."

"ఉత్త మాటెట్లయితదిరా? మౌల్సాబ్ సరేనన్నడంటివి."

నేను ఆయన్ను అడగలేదమ్మా. ఇంతే. నోటిదాకా వచ్చింది. ఎందుకు ఆగిన? భయమా, పరువా? లేక, చెప్తే ఆ నగలు తిరిగి ఆమెవైతయి, గడిచిన ఏండ్ల జకాత్ అంతా నా మీద పడతదని ఆ నిమిషంలో కూడా నా తలకాయ లెక్క వేసిందా? వేసింది. సొంత పైసలతో పంపొచ్చు కదా అని మీరడుగుతరు. కిస్తీలుండె. ఇది రాసి మళ్లీ చదువుకున్న. బాగలేదు.

ఖాలా మక్కా నుంచి జంజం బాయి నీళ్లు తెచ్చింది. అమ్మ లేచి నిలబడి, నెత్తి మీద కొంగు సదురుకొని, నిమ్మలంగ తాగింది. రెండేండ్లకు పోయింది. కొడుకు చదువుకున్నోడని చివరిదాకా నమ్మింది.

ఇప్పుడు బిడ్డ పెద్దదైంది. ఇగ జకాత్ తన మీదనే ఉంటదని తానే తెలుసుకున్నది. నన్ను అడగకపోవుడు మంచిదే అయింది. మొన్న నా పక్కన కూసోని, గాజుల జత అమ్మి దాదీ పేరు మీద ఎవరితోనన్నా ఉమ్రా చేయిద్దాం అబ్బా అన్నది. నాయనమ్మ ఉన్నదంతా తనకే ఇచ్చేసిందని, ఎంత ప్రేమ ఉంటే అట్ల ఇస్తరని, కండ్లు తుడుచుకున్నది. సరే బిడ్డా అన్న. ఇంకేమనాలె?

దాదీ తానే ఎందుకు పోలేదని అది ఇంకా అడగలే. అడిగిననాడు చెప్తనా? నా మీద నాకంత నమ్మకం లేదు. మాఫీ చేయాల్సినామె లేదు, మీరు చేసినా చెల్లదు. రాసిన, గంతే. జర ఊపిరి ఆడుతాంది.